పాత సమాధుల దొడ్డిని చదవడం ఎలా: చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు ఒక దారిచూపు

చిత్తూరు 1911 ఏప్రిల్ 1న జిల్లా అయింది. అంతకు ముందు ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. పుంగనూరు, కార్వేటినగరం, కాళహస్తి జమీందారీలు. మూడు భాషలు కలిసే ఈ సరిహద్దులో బాణులు, వైదుంబులు, నొళంబులు, చోళులు, విజయనగర రాజులు, ఆర్కాటు నవాబులు, హైదరాలీ, ఈస్టిండియా కుంపినీ సైన్యం ఒకరి తర్వాత ఒకరు నడిచారు. వాళ్ళ గురించి పుస్తకాల్లో ఉన్నది కొంతే. వాళ్ళ కింద బతికిన సిపాయి, గుమాస్తా, ఉపదేశి (మిషను బోధకుడు), రైల్వే గార్డు, ఆవుల మంద కోసం పోరాడి చచ్చిపోయిన పల్లెటూరి మనిషి, వీళ్ళ పేర్లు మిగిలింది మాత్రం చాలావరకు రాళ్ళ మీదే. ఆ రాళ్ళను చెడగొట్టకుండా చదివి, చదివింది పదిమందికి పనికొచ్చేలా రాసిపెట్టుకోవాలంటే ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందే ఒక మాట. పెద్ద గోరీని వెతుక్కుంటూ వెళ్ళి, దాని ఫొటో తీసుకుని వచ్చేస్తే చరిత్ర చేతికి రాదు. ఒక్క రాయి చెప్పేది తక్కువ, వరుస మొత్తం కలిపి చెప్పేది ఎక్కువ. ఒకే నెలలో పోయిన అయిదుగురు పక్కపక్కనే ఉంటే అది జబ్బు. ఒక మూల అంతా ఏడాది నిండని పిల్లలే ఉంటే అది ఆనాటి బతుకు. కాబట్టి పేరున్నవీ లేనివీ, విరిగినవీ, ఉత్త మట్టిదిబ్బలూ అన్నీ లెక్కలోకి రావాలి.

ఏవి ఎక్కడ ఉంటాయి

మన ప్రాంతంలో చూడదగినవి నాలుగు రకాలు. వేటి పద్ధతి వాటిదే.

మొదటిది క్రైస్తవ సమాధుల దొడ్లు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె లాంటి ఊళ్ళలో కుంపినీ సైన్యం, కలెక్టరు కచేరీ, ఆ తర్వాత మిషనులు ఉన్నచోట ఇవి ఏర్పడ్డాయి. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషను 1853లో మొదలైంది. స్కడర్ కుటుంబంవాళ్ళు దాన్ని నిలబెట్టారు. 1863లో మదనపల్లెకు వచ్చిన జేకబ్ చాంబర్లేన్ 1908లో అక్కడే చనిపోయారు. తిరుపతి వైపు కథ వేరు. జర్మనీలోని హెర్మాన్స్‌బర్గ్ మిషను 1860లలో సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు అడుగుపెట్టి తిరుపతి దాకా విస్తరించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పాదిరీలను నిర్బంధించాక ఆ పని అమెరికా లూథరన్ల చేతికి వెళ్ళింది. ఈ సంగతి తెలిస్తే ఆ వైపు పాత సమాధి మీద జర్మన్ మాటలు కనిపించినా, 1914 తర్వాత భాష మారినా ఆశ్చర్యం ఉండదు. పాకాల, రేణిగుంట రైలు కూడలి ఊళ్ళు. అక్కడి దొడ్లలో డ్రైవరు, గార్డు, ఫోర్‌మన్ అనే ఉద్యోగాల పేర్ల కోసం చూడండి.

రెండోది ముస్లిముల ఖబరస్తాన్లు, దర్గాలు. ఆర్కాటు నవాబుల కాలం నుంచి కోటలున్న ఊళ్ళన్నిటా ఉన్నాయి. హైదరాలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులోనే చనిపోయాడు. శవాన్ని గుట్టుగా కోలారుకు పంపి, తర్వాత శ్రీరంగపట్నానికి చేర్చారు. గుర్రంకొండలో అతని బావమరిది మీర్ రజా అలీఖాన్ మక్బరా (గోరీ మీది కట్టడం) ఉంది.

మూడోది మఠాధిపతులు, యోగులు, భక్తుల సమాధులు. తిరుమలలో హాథీరాం బావాజీ సమాధి, తరిగొండ వెంగమాంబ బృందావనం అందరికీ తెలిసినవే. పల్లెల్లో పొలం గట్ల మీద తులసికోటలాంటి కట్టడాలు కనిపిస్తాయి. ఆ కుటుంబాన్ని అడిగితే తప్ప వాటి సంగతి తేలదు. జంగాలు, కొందరు సన్యాసులు చనిపోతే కూర్చోబెట్టి పూడుస్తారు. అందుకే ఆ సమాధి పొడవుగా కాక చదరంగా ఉంటుంది.

నాలుగోది అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురైనది: వీరగల్లులు (పోరులో చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టిన బొమ్మల రాళ్ళు), వాటికన్నా ఎంతో ముందటి రాతి గూళ్ళు. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, వాయల్పాడు చుట్టుపక్కల వీరగల్లులు విస్తారంగా ఉన్నాయి. చంద్రగిరి దగ్గర మల్లయ్యగారిపల్లెలోనూ, బంగారుపాళ్యం వైపు ఇరలబండ దగ్గరా పెద్ద బండలతో కట్టిన గూళ్ళు ఉన్నాయి. జనం వాటిని పాండవుల గుళ్ళు అంటారు. అవి ఇనుము వాడకం మొదలైన కాలం నాటి జనం తమవాళ్ళను పూడ్చిన చోట్లు.

వెళ్ళేముందు

అనుమతి నోటిమాటగానైనా సరే, ముందే తీసుకోండి. క్రైస్తవ దొడ్డికి ఆ సంఘం పాస్టరుగారిని లేదా చర్చి కమిటీని అడగాలి. ఖబరస్తానుకు మసీదు ఆస్తులు చూసే ముతవల్లిని, దర్గాకు అక్కడి సేవ చూసే ముజావరును అడగాలి. పొలంలో రాయికి రైతును, గుడి దగ్గరి రాయికి పూజారిని, ఊరి పెద్దలను అడగాలి. సమాధుల చోట్లలోకి ఇతరుల మనసు నొప్పించేలా చొరబడటం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షను కింద నేరం. రక్షిత కట్టడాలైతే 1958 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది. అక్కడ తవ్వడం, గీకడం, రాయి కదపడం ఏదీ కుదరదు. భూమిలో పది రూపాయలకు మించిన విలువగలది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది.

అడిగేటప్పుడు ఒక కాగితం చేతిలో ఉంచుకోండి: మీ పేరు, ఊరు, ఏం చేస్తారు (ఫొటోలు, కొలతలు, రాతల నకలు), ఏం చేయరు (తవ్వడం, తోమడం, కదపడం). పల్లెల్లో అందరికీ మొదట వచ్చే అనుమానం గుప్తనిధుల గురించే. అది ఊరికే వచ్చినది కాదు. నిధుల వేటగాళ్ళు పాండవుల గుళ్ళను, వీరగల్లులను పెళ్ళగించిన చోట్లు మన వైపు ఎన్నో ఉన్నాయి. అందుకే గునపం, పార, లోహాలను పసిగట్టే యంత్రం మీ బండిలో కూడా ఉండకూడదు. చీకటి పడ్డాక అక్కడ ఉండకూడదు.

కాలం సంగతి. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. అప్పుడు దొడ్లన్నీ కలుపుతో నిండి రాళ్ళు కనపడవు, పాములు తిరుగుతాయి. జనవరి చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా గడ్డి ఎండి, ఎండ ఇంకా ముదరని సమయం. అదే మంచిది. నవంబరు 2న కతోలికుల సమాధుల పండుగ. ఆ రోజు కుటుంబాలన్నీ దొడ్డికి వస్తాయి, ఎవరి సమాధి ఎవరిదో చెప్పేవాళ్ళు దొరుకుతారు. కానీ దానికి ముందు రెండు వారాల్లోనే సున్నం, రంగు పూస్తారు. కాబట్టి పాత రాతలను ఫొటో తీసే పని అక్టోబరు మొదట్లోనే, వాన తెరిపిచ్చిన రోజు చూసుకుని ముగించండి. మనుషులతో మాట్లాడటానికి పండుగ రోజు వెళ్ళండి.

సంచిలో ఉండాల్సినవి: 30 మీటర్ల టేపు, 30 సెంటీమీటర్ల స్కేలు, గీతల కాగితం, పెన్సిలు (పెన్ను చెమటకు చెదురుతుంది), రెండంగుళాల మెత్తని పెయింటు బ్రష్షు, మంచినీళ్ళు నింపిన లీటరు స్ప్రే సీసా, మంచి టార్చి, సుమారు 30 బై 45 సెంటీమీటర్ల అద్దం, నల్లగొడుగు, దిక్సూచి, ఫోను, దానికి అదనపు బ్యాటరీ. కాళ్ళకు మడమలు కప్పే బూట్లు, పొడుగుచేతుల చొక్కా. వయ్యారిభామ మొక్క చాలామందికి దద్దుర్లు తెప్పిస్తుంది. దాన్ని చేత్తో పీకొద్దు. కూలిన గోరీల పగుళ్ళలో కట్లపాము, రక్తపింజరి, తేళ్ళు ఉంటాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. అసలు చెయ్యి పెట్టకపోవడమే మేలు. ఒంటరిగా వెళ్ళొద్దు.

మొదటి గంట: ఏదీ ముట్టుకోకుండా

చుట్టూ ఒకసారి నడవండి. ప్రహరీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, పాత గేటు ఎటు ఉండేదో, చెట్లు ఎక్కడున్నాయో చూడండి. పాత గేటు, ఇప్పటి గేటు ఒకటే కాకపోవచ్చు. మొదటి సమాధులు చాలాసార్లు పాత దారికి దగ్గరగా మొదలవుతాయి. గోడకు ఆనించి పెట్టిన రాళ్ళుంటే గుర్తుపెట్టుకోండి. అవి ఎక్కడినుంచో తెచ్చి అక్కడ నిలబెట్టినవి. వాటి కింద ఎవరూ లేరు. దొడ్డి సర్దినప్పుడో, రోడ్డు వెడల్పు చేసినప్పుడో ఇలా జరుగుతుంది. ఇది పట్టించుకోకపోతే మీ పటం మొత్తం తప్పుతుంది.

తర్వాత పటం. ఉత్తరం పైకి వచ్చేలా కాగితం పెట్టుకుని, ఒక మీటరుకు ఒక గడి చొప్పున గీయండి. వరుసలకు అ, ఆ, ఇ అని, సమాధులకు 1, 2, 3 అని పేర్లు పెట్టండి: అ-1, అ-2. పేరులేని దిబ్బకూ అంకె ఉండాలి. ఒకసారి ఇచ్చిన అంకెను మార్చొద్దు. మధ్యలో కొత్తది కనిపిస్తే అ-4క అని చేర్చండి. అంకెను రాతి మీద సుద్దతోనో పెయింటుతోనో రాయొద్దు. కాగితం ముక్క మీద రాసి, ఫొటోలో పడేలా పక్కన పెట్టి, తర్వాత తీసేయండి.

ఒక్కో సమాధికి ఒక్కో పేజీ కేటాయించండి. అందులో అంకె, పొడవు–వెడల్పు–ఎత్తు, తల ఏ దిక్కు, ఏ రాయి, ఎన్ని ముక్కలు, భాష, లిపి, రాత ఉన్నది ఉన్నట్టు, గుర్తులు, రాతి అడుగున చెక్కినవాడి పేరు, పాడైన తీరు, పక్కన ఎవరున్నారు అనేవి రావాలి. రాత నకలు తీసేటప్పుడు పంక్తి ఎక్కడ విరిగితే అక్కడ విరవండి. తప్పు స్పెల్లింగును సరిచేయొద్దు. చదవలేని అక్షరానికి ఒక చుక్క పెట్టండి, అనుమానంగా చదివినదాన్ని కుండలీకరణంలో రాయండి. ఇంటికొచ్చాక ఊహతో నింపే ప్రలోభం బలంగా ఉంటుంది. ఆ నింపినదే రేపు ఎవరో నిజమనుకుంటారు.

కనిపించని అక్షరాలను కనిపించేలా చేయడం

మొత్తం పనిలో ఎక్కువ మంది తప్పుచేసేది ఇక్కడే. సుద్దపొడి, బియ్యప్పిండి, మైదా, బూడిద, నూనె, షేవింగు నురగ రాతి మీద రుద్దొద్దు. సుద్దపొడి రంధ్రాల్లో దిగిపోయి కడిగినా పోదు, రుద్దేటప్పుడు అంచులు అరుగుతాయి. పిండికి చీమలు, బూజు పడతాయి. నిమ్మరసం, యాసిడ్, బాత్‌రూములు కడిగే ద్రావణాలు చలువరాయినీ సున్నపు గారనూ కరిగించేస్తాయి. వైరు బ్రష్షు ఏ రాతికీ పనికిరాదు.

పనికొచ్చేది వెలుతురు. అక్షరం లోతు రెండు మిల్లీమీటర్లే ఉన్నా, కాంతి పక్కనుంచి పడితే గాడిలో నీడ ఏర్పడి చదవొచ్చు. ఎదురుగా పడే ఎండలో నీడ ఉండదు కాబట్టి నేల మీద పరిచిన రాయికి మధ్యాహ్నం పన్నెండుకు తీసిన ఫొటో దేనికీ పనికిరాదు. తూర్పు ముఖం రాయికి ఎండ ఏటవాలుగా తగిలే వేళ కోసం పొద్దున ఏడు నుంచి మెల్లగా చూస్తూ ఉండండి. పడమటి ముఖానికి మధ్యాహ్నం దాటగానే. ఉత్తరం వైపు ముఖానికి ఎండే రాదనుకుంటే అద్దం వాడండి. ఒకరు నాలుగైదు మీటర్ల దూరంలో ఎండలో నిలబడి అద్దంతో వెలుతురును రాతి ఉపరితలానికి దాదాపు సమాంతరంగా, పది పదిహేను డిగ్రీల కోణంలో పడేలా తిప్పాలి. ఇంకొకరు రాతికి ఎదురుగా నిలబడి ఫొటో తీయాలి. గొడుగుతో మిగతా ఎండను ఆపితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఎడమనుంచి, కుడినుంచి, పైనుంచి, కిందనుంచి నాలుగు వైపుల కాంతితో నాలుగు ఫొటోలు తీయండి. నిలువు గీతలు పక్క కాంతిలో, అడ్డగీతలు పై కాంతిలో తేలతాయి. ఒక్క దిక్కునుంచే చూస్తే 3, 8 ఒకేలా ఉంటాయి. 1, 7 అయితే మరీ మోసం చేస్తాయి. ఫోను ఫ్లాషు ఆపేయండి.

నల్లరాయి, గ్రానైటు గట్టిగా ఉంటే మంచినీళ్ళు చల్లి ఆరనివ్వండి. గాళ్ళలో తడి ఉపరితలం కంటే ఆలస్యంగా ఆరుతుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో అక్షరాలు నల్లగా తేలతాయి. చలువరాయి మీద వేలు మెల్లగా ఆనించి చూడండి. పంచదార పలుకుల్లా రేణువులు వేలికి అంటితే అక్కడితో ఆపేయాలి, నీళ్ళు కూడా వద్దు. కణుపుతో మెల్లగా తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయిందని అర్థం. దాన్ని బ్రష్షుతో కూడా తాకొద్దు. కడప రాయి ఇలా పొరలుగా ఊడుతుంది. నాచు, పాచి అతుక్కుని ఉంటే గీకొద్దు, దానితో పాటు రాయి పైపొర లేస్తుంది.

పాత చలువరాతి ఫలకాల్లో అక్షరాలు సీసంతో పోసినవి ఉంటాయి. సీసం రాలిపోయాక చిన్న చిన్న రంధ్రాలే మిగులుతాయి. ఒక్కో అక్షరానికి రెండు మూడు నాలుగు రంధ్రాలు. ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించి, చుక్కలను పెన్సిలుతో కలుపుకుంటూ వెళితే పేరు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. ఓపిక ఉండాలి, అంతే.

తడి కాగితాన్ని రాతిమీద పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది నకలు తీయడం శాసనాల శాఖ పద్ధతి. అది నేర్చుకున్నవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని. చూసి చేసేది కాదు. దానికి బదులు ఫోనుతో రాయి చుట్టూ తిరుగుతూ యాభై అరవై ఫొటోలు, ప్రతి ఫొటో ముందుదానితో మూడింట రెండు వంతులు కలిసేలా తీయండి. కంప్యూటరులో వాటిని కలిపితే రాతి రూపం త్రిమితీయంగా వస్తుంది. ఆ రూపం మీద కాంతిని ఏ దిక్కునుంచైనా వేసి చూడొచ్చు.

తేదీ తేల్చడం

ఇంగ్లీషు రాతల్లో తేదీ నేరుగా ఉంటుంది. ఒక అంకె అనుమానంగా ఉన్నప్పుడు వారం పేరు రాసి ఉంటే క్యాలెండరుతో సరిచూడండి. చాలాసార్లు ఒకే సంవత్సరం సరిపోతుంది. వయసు ఏళ్ళు, నెలలు, రోజుల్లో చెప్పి ఉంటే పుట్టిన తేదీ లెక్కగట్టొచ్చు. చర్చి బాప్తిస్మపు చిట్టాలో వెతకడానికి అదే తాళంచెవి. "రెలిక్ట్ ఆఫ్" అంటే ఫలానావారి విధవ. 18వ శతాబ్దం రాతల్లో ఎస్ అక్షరం పొడుగ్గా, ఎఫ్‌లా కనిపిస్తుంది. జర్మన్‌లో "హియర్ రూట్ ఇన్ గాట్" అంటే ఇక్కడ దేవునిలో విశ్రమించారు అని. తమిళ సమాధుల మీద "తోట్రమ్" పక్కన ఉన్నది పుట్టిన తేదీ, "మఱైవు" పక్కన ఉన్నది పోయిన తేదీ. తెలుగువాటిపై "ప్రభువునందు నిద్రించెను" అని ఉంటుంది.

తెలుగు రాతల్లో శాలివాహన శకం ఉంటే 78 కలపండి. పుష్య మాసం నడిమి నుంచి ఫాల్గుణం దాకా అయితే 79. దానితో పాటు సంవత్సరం పేరు ఉంటే రెండూ సరిపోవాలి. శక 1798 ధాత అంటే 1876. మన పెద్దవాళ్ళు చెప్పుకున్న ధాత కరువు ఆ ఏడు మొదలైనదే. ఒక్క ఏడు తేడా వస్తే కంగారుపడకండి. గడిచిన ఏడు లెక్కా, నడుస్తున్న ఏడు లెక్కా రెండూ వాడేవారు. శకం లేకుండా ధాత అని మాత్రమే ఉంటే అది 1816 కావచ్చు, 1876 కావచ్చు, 1936 కావచ్చు. లిపిని, రాతిని చూసి తేల్చాలి. ఫసలీ (శిస్తు లెక్కల ఏడు) ఉంటే 590 కలపండి. ఫసలీ ఏడు జులైలో మొదలవుతుంది కాబట్టి జనవరి దాటితే 591.

హిజ్రీకి తేలిక లెక్క: 0.97తో గుణించి 622 కలపాలి. 1197ను 0.97తో గుణిస్తే 1161, దానికి 622 కలిపితే 1783. హైదరాలీ పోయింది 1197 మొహర్రం మొదటి రోజున, అంటే 1782 డిసెంబరులో. ఒక ఏడు అటూ ఇటూ వస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. నెల కూడా ఉంటే మార్పిడి పట్టికతో తేల్చుకోవాలి. పారశీక పద్యం ఉండి అంకెలు లేకపోతే ఆఖరి పాదంలో అక్షరాల విలువలు కూడితే సంవత్సరం వచ్చేలా కట్టి ఉండొచ్చు. అరబీ చదవగలిగిన మౌల్వీగారిని అడగండి.

ముస్లిం సమాధి మన దేశంలో ఉత్తర దక్షిణాలుగా, తల ఉత్తరానికి ఉంటుంది. మొహం పడమటికి, అంటే మక్కా వైపు, తిప్పుతారు. పాత రాతి గోరీల పైన కలందాను (కలాల పెట్టె) లాంటి దిమ్మె ఉంటే మగవారిది, పలకలా చదునుగా ఉంటే ఆడవారిది అని గుర్తు. ఇది అన్ని ఊళ్ళలో పాటించలేదు కాబట్టి రాత ఉంటే రాతనే నమ్మాలి. క్రైస్తవ సమాధుల్లో ఎక్కువభాగం తూర్పు పడమరలుగా ఉంటాయి. ఒకటి అడ్డంగా ఉంటే చోటు చాలకపోవడమే మామూలు కారణం. దానికి కథ కట్టకండి.

ఏం అర్థం చేసుకోవాలి

వివరాలన్నీ ఒక పట్టికలోకి ఎక్కించాక మూడు విధాలుగా పేర్చి చూడండి. ముందు చనిపోయిన నెల ప్రకారం. ఒకే వానాకాలంలో, ఒకే వేసవిలో గుంపుగా వస్తే కలరా, మశూచి, జ్వరం గురించి ఆ ఏటి జిల్లా రికార్డులు చూడాలి. తర్వాత వయసు ప్రకారం. ఇరవై, ముప్పై ఏళ్ళ మధ్య పోయిన ఆడవాళ్ళ పక్కనే కొద్దిరోజుల శిశువు ఉంటే అది కాన్పు మరణం. ఆఖరున ఉద్యోగం ప్రకారం. సైన్యం పేర్లు గుంపుగా ఉన్న ఏళ్ళు చూడండి. 1801లో నవాబు నుంచి ఈ ప్రాంతం కుంపినీకి వచ్చింది, 1804–05లో యాదమరి, పులిచెర్ల, కల్లూరు, బంగారి పాళెగాళ్ళు తిరగబడ్డారు. ఆ ఏళ్ళ సిపాయి సమాధి దొరికితే అది ఏ దండుదో వెతకడం విలువైన పని. ఉపదేశి, బైబిలు స్త్రీ, కంపౌండరు అనే మాటలు తెలుగు రాళ్ళ మీద ఎప్పుడు మొదలవుతాయో చూస్తే మిషను పని ఎప్పుడు మనవాళ్ళ చేతుల్లోకి వచ్చిందో తెలుస్తుంది. దీన్ని చెప్పే ఆధారం ఇంతకంటే సూటిగా మరోచోట దొరకదు.

రాయి కూడా చెబుతుంది. తెల్ల చలువరాయి బయటనుంచి బండ్ల మీద, రైలు మీద రావాలి. దాని అడుగున మద్రాసు శిల్పశాల పేరు ఉంటే ఆ కుటుంబం ఎంత ఖర్చుపెట్టగలిగిందో తెలుస్తుంది. ఇటుకా సున్నపు గారతో కట్టి, పైన రాత లేకుండా ఉన్నవి పేదవారివే కానక్కరలేదు. ఫలకాన్ని తర్వాత ఎవరో ఎత్తుకుపోయి ఉండొచ్చు. గారలో దీర్ఘచతురస్రపు గుంట ఉంటే అదే నిదర్శనం.

అలాగే రాతి మీది తేదీ చనిపోయిన తేదీ, రాయి నిలబెట్టిన తేదీ కాదు. ముప్పై ఏళ్ళ తర్వాత కొడుకు వేయించి ఉండొచ్చు. చెక్కిన తీరు పక్కవాటికంటే కొత్తగా ఉంటే అలా రాసుకోండి.

వీరగల్లుల దగ్గర

పల్లెలో వీరగల్లు ఎక్కడ అని అడిగితే జవాబు రాకపోవచ్చు. కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న రాయి ఎక్కడైనా ఉందా అని అడగండి. చెరువు కట్ట, రచ్చబండ, ఊరి పొలిమేర, గంగమ్మ గుడి వెనక, వీటిని ముందు చూడండి.

ఎక్కువ రాళ్ళ మీద ఒక మనిషి కత్తి, డాలు లేదా విల్లు పట్టుకుని పక్కకు తిరిగి ఉంటాడు. ఒంటిలో బాణాలు దిగి ఉండొచ్చు. కింద ఆవులుంటే మంద కోసం జరిగిన పోరు. పై అంతస్తులో అప్సరసలు అతన్ని మోసుకెళ్తుంటారు, ఇంకా పైన లింగం, సూర్యచంద్రులు. మోచేయి దగ్గర మడిచి పైకెత్తిన గాజుల చెయ్యి ఒక్కటే ఉంటే అది సతి రాయి. రాత ఎక్కడైనా ఉండొచ్చు: తల చుట్టూ, అంచుల మీద, కాళ్ళ మధ్య కూడా. 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా బాణ, వైదుంబ, నొళంబ రాజుల మధ్య ఎడతెగని పోరాటాల కాలం అది. లిపి తెలుగు కన్నడాలు విడిపోకముందటిది. తూర్పు దక్షిణాల వైపు తమిళం. ఇది మీరే చదివేయాలని ప్రయత్నించకండి. ఒక్కో వరుస పక్క కాంతిలో విడిగా ఫొటో తీసి, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగానికో, మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికో పంపండి. ముందు అది ఇంతకుముందే అచ్చయిందేమో చూడండి. 1919లో రంగాచార్యగారు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) శాసనాలను జిల్లా, తాలూకా వారీగా పట్టిక వేశారు. ఊరి పేరుతో వెతకొచ్చు.

ఈ రాళ్ళలో కొన్నిటికి పూజ జరుగుతుంది. పసుపు, కుంకుమ, నూనె, సున్నం పొరలు పొరలుగా ఉంటాయి. వాటిని తీయమని అడగొద్దు. ఆ పొరల కిందే రాత చెక్కుచెదరకుండా ఉందని చెప్పి, ఇకమీదట ఆయిలు పెయింటు మాత్రం వేయొద్దని, రాతిని సిమెంటులో పాతొద్దని పూజారిని బతిమాలండి. సిమెంటు వేస్తే కింది వరుస రాత శాశ్వతంగా పోతుంది. మన పల్లెల్లో వీరగల్లులకు జరుగుతున్న పెద్ద నష్టాల్లో ఇదొకటి, మంచి మనసుతో చేస్తున్నదే.

పాండవుల గుళ్ళ దగ్గర లోపలికి దూరొద్దు, పైకప్పు బండ మీద నిలబడొద్దు. గుండ్రంగా రంధ్రం ఉన్న బండ ఏ దిక్కున ఉందో, చుట్టూ రాళ్ళ వలయం ఉందో లేదో, గూడు లోపలి కొలతలు ఎంతో బయటనుంచే రాసుకోండి. నేల మీద నలుపు ఎరుపు కుండపెంకులు కనిపిస్తే ఫొటో తీసి అక్కడే వదిలేయండి. చోటు మారిన పెంకు ఏమీ చెప్పలేదు.

కాగితాలతో సరిచూడటం

1911కు ముందటి చిత్తూరు కాగితాలను ఉత్తర ఆర్కాటు పేరు మీద వెతకాలి, మదనపల్లె అయితే కడప పేరు మీద. వాటిలో చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. ఇది తెలియక చిత్తూరు జిల్లా అని అడిగి ఉత్తచేతులతో తిరిగొచ్చేవాళ్ళు ఎక్కువ. కుంపినీ కాలం నుంచి మద్రాసు రాజధానిలోని బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండనుకు పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఎన్–2 వరుసలో ఉన్నాయి. 1905లో జె. జె. కాటన్ మద్రాసు రాజధాని సమాధుల రాతలను సంపుటంగా అచ్చువేయించారు. మీ దొడ్డిలో ఇప్పుడు కనపడని రాయి అందులో ఉండొచ్చు. ముందు మీరు చదివి, తర్వాతే దాన్ని తెరవండి. వరుస తారుమారైతే అచ్చులో ఉన్నదే మీ కంటికీ కనిపిస్తుంది.

పని అయ్యాక పటం, పట్టిక, ఫొటోలు మూడు చోట్ల ఉంచండి: మీ దగ్గర, అనుమతి ఇచ్చిన చర్చి, మసీదు లేదా పంచాయతీ దగ్గర అచ్చు ప్రతి, ఒక గ్రంథాలయంలో. గత యాభై అరవై ఏళ్ళ సమాధుల పేర్లు, ఫొటోలు ఆ కుటుంబం ఒప్పుకోకుండా నెట్‌లో పెట్టొద్దు. మారుమూల వీరగల్లు, పాండవుల గుడి ఉన్నచోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అందరికీ కనపడేలా పెట్టొద్దు, వేటగాళ్ళు అలాంటివాటి కోసమే చూస్తుంటారు. మండలం పేరు చాలు. ఆ దొడ్డికి ఏడాది తర్వాత మళ్ళీ అదే నెలలో వెళ్ళి, అవే చోట్ల నిలబడి అవే ఫొటోలు తీయండి. ఏ రాయి ఒరిగింది, దేనికి రంగు పడింది, ఏ రావిమొక్క ఏ పగులులో వేరుపోసుకుంది అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే తేలుతుంది. వేలెడంత రావిమొక్కగా ఉన్నప్పుడే కమిటీవాళ్ళకు చూపించి మొదలు దగ్గర కోయించండి. పీకితే గార ఊడుతుంది.